భూముల వ్యాపారం నేర్పుతామంటే నేను కట్టిన ఫీజు

(గుత్తి ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పశువుల మేత గురించి గానీ, గాలికుంటు టీకాల గురించి గానీ మాట్లాడమన్నట్లయితే నాకు సులువుగా ఉండేది. కానీ మన కార్యదర్శి గారు "నీకు జరిగింది చెప్పు, నలుగురికీ పనికివస్తుంది" అన్నారు. ఆయన అడిగి మూడు నెలలయింది. సిగ్గుపడి వాయిదా వేస్తూ వచ్చాను. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. చివరిదాకా మాత్రం వినాలని మనవి.

నేను భూమి కొని నష్టపోలేదు. భూములు కొని అమ్మి డబ్బు సంపాదించడం ఎలాగో నేర్పుతామన్న వారికి ఫీజు కట్టి నష్టపోయాను.

మన ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా బుడ్డలు ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది. అందుకే మన ఇళ్ళల్లో ఎనుములున్నాయి, ఈ సంఘం ఉంది. ఇంకోపక్క గుత్తి మీదుగా హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉంది, 67వ నంబరు రహదారి ఉంది, రైల్వే జంక్షన్ ఉంది. 2017లో పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వస్తుందని తెలిసింది మొదలు, ఇక్కడ టీ అంగడి దగ్గర కూర్చుంటే వానమాట పోయి ఎకరం మాట వచ్చింది. ఎర్రమంచి మనకు వంద కిలోమీటర్ల పైచిలుకు. అయినా ఎవరి చేను రహదారికి ఎంత దూరమో అడుగులతో కొలిచి చెప్పేవాళ్ళు బయలుదేరారు. అలా కొలిచిన వారిలో నేనూ ఒకణ్ణి.

"అగ్రిగోల్డ్ దెబ్బ తిన్న తర్వాత కూడా బుద్ధి రాలేదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ, స్థలం ఇస్తామనీ లేదా వడ్డీతో సొమ్ము ఇస్తామనీ వాయిదాల మీద వసూలు చేసింది. మన రాష్ట్రంలోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ కలిపి సుమారు 32 లక్షల మంది, 6,400 కోట్ల రూపాయల దాకా కట్టారు. 2016లో దాని ఛైర్మన్ అరెస్టయ్యారు. 10 వేల లోపు కట్టినవారికి 2019లోనూ, 20 వేల లోపు వారికి 2021లోనూ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. మన ఊళ్ళలో వసూలు చేసిన ఏజెంట్లు బయటివాళ్ళు కారు. మన బంధువులే, మన వాళ్ళే. అందుకని డిపాజిట్ అన్న మాట వింటే మనకు భయం పట్టుకుంది.

2021 చివర్లో వచ్చిన పెద్దమనిషి ఆ భయాన్నే పట్టుకున్నాడు. ఆయన సంస్థ పేరు ఇక్కడ చెప్పను. రహదారి పక్కన ఫంక్షన్ హాలులో ఉచిత సమావేశం, టీ, బిస్కెట్లు. ఆయన మొదటి మాట నాకింకా గుర్తుంది. "నేను డిపాజిట్ అడగను. ప్లాటు కొనమనను. మీరు మోసపోకుండా ఉండే విద్య నేర్పుతాను." మోసపోయినవాళ్ళకు అంతకంటే చల్లని మాట ఏముంది? చదువు కాబట్టి పోయేదేముంది అనుకున్నాను.

తర్వాత తెలిసిన సంగతి ఇప్పుడే చెబుతాను. ప్లాట్లు అమ్మేవాడికీ, మధ్యవర్తిగా కమీషన్ తీసుకునే ఏజెంటుకూ 2016 నాటి రెరా చట్టం ఉంది. లేఅవుట్‌కు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఏజెంటుకూ ఉండాలి. ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదు. భూమి వ్యాపారం నేర్పేవాడి దగ్గర ఇలాంటి నంబరేదీ అడిగేవారు లేరు. ప్లాటు అమ్మనన్న మాటలో ఆయన నిజాయితీ ఎంత ఉందో తెలియదు గానీ, సౌకర్యం మాత్రం చాలా ఉంది.

ఉచిత సమావేశం అయ్యాక అనంతపురంలో హోటల్లో మూడు రోజుల తరగతి. ఫీజు 9,500. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మా అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇద్దరికి ఒకే ఫీజు అన్నారు, అది కూడా నాకు లాభంగానే తోచింది. మొదటి రోజంతా చప్పట్లు. లేచి నిలబడి "నేను ధనవంతుణ్ణి" అని గట్టిగా అరవమన్నారు. యాభై ఏళ్ళు దాటినవాణ్ణి, అరిచాను. మీ పేదరికం మీ జేబులో లేదు, మీ ఆలోచనలో ఉంది అన్నారు. మా చేనులో బోరు ఎండిపోవడం కూడా నా ఆలోచనలోనే ఉందేమో, ఆ రోజు అడగలేదు.

రెండో రోజు అసలు విద్య. సొంత డబ్బు లేకుండా భూమి వ్యాపారం. రైతుకు కొంచెం అడ్వాన్సు ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకోవాలి, గడువు లోపల ఎక్కువ ధరకు ఇంకొకడికి చూపించి మధ్య తేడా తీసుకోవాలి. ఇది కొత్త విద్య కాదు, మన టీ అంగళ్ళలో ఏనాటి నుంచో నడుస్తున్నదే. కొనేవాడు దొరక్కపోతే ఏమవుతుందని ఒకాయన లేచి అడిగాడు. అది మూడో రోజు చెబుతామన్నారు. మూడో రోజు చెప్పిందేమంటే, అలాంటి లోతైన విషయాలకు ఆరు నెలలు ఒక మెంటారు మీ వెంట ఉండాలి, ఫోను చేసినప్పుడల్లా సలహా ఇస్తాడు, దానికి ఫీజు లక్ష రూపాయలు, ఈ సాయంత్రం లోపల కట్టినవారికి 60 వేలు.

గమనించండి. ఉచిత సమావేశం మూడు రోజుల తరగతిని అమ్మింది. మూడు రోజుల తరగతి మెంటారును అమ్మింది. వాళ్ళు అమ్మే సరుకు ఎప్పుడూ తర్వాతి తరగతే.

మా అబ్బాయి తర్వాత ఎక్కడో చదివి చెప్పాడు, ఇది అమెరికాలోనూ జరిగిందట. డొనాల్డ్ ట్రంప్ రాజకీయాలకు రాకముందు 2005లో ట్రంప్ యూనివర్సిటీ అని భూముల, ఇళ్ళ వ్యాపారం నేర్పే సంస్థ పెట్టారు. పేరుకు యూనివర్సిటీయే గానీ డిగ్రీ లేదు. అక్కడ కూడా హోటళ్ళలో ముందు ఉచిత సమావేశం, తర్వాత 1,495 డాలర్లకు మూడు రోజుల తరగతి, ఆ పైన 34,995 డాలర్ల దాకా మెంటారు. 2010లో అది ఆగింది. 2013లో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్ కేసు వేశారు, విద్యార్థులు వేసిన కేసులు వేరే ఉన్నాయి. 2016 నవంబరులో, తప్పు ఒప్పుకోకుండానే, రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించడానికి రాజీ కుదిరింది. అది వినగానే నాకు కొంచెం ఊరట కలిగిన మాట నిజం. అమెరికాలో చదువుకున్నవాళ్ళు కూడా పడ్డారు గదా అని. కాని వాళ్ళు కేసు వేశారు, నేను వేయలేదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

60 వేలకు రెండు ఎనుముల్లో ఒకటి అమ్మాను. మిగతాది పాల బిల్లు సొమ్ములోంచి తీశాను. సంఘంలో సభ్యత్వం నా భార్య పేర, పాస్‌బుక్కు ఆమె పేర. సంతకం పెట్టమంటే పెట్టింది. పెడుతూ ఒకే ఒక మాట అడిగింది. "ఆయనకు ఇంత తెలిసినప్పుడు భూములు కొనుక్కోక, మన గుత్తికొచ్చి మనకెందుకు టీ పోస్తున్నాడు?" నీకు తెలియదులే అన్నాను. తరగతిలో నూరు మందికి పైగా ఉన్నాం. ఆ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు.

ఇక మెంటారు. మొదటి నెల ఫోను తీశాడు. రెండో నెల "ధైర్యం చేయాలి సార్, చేతల్లో దిగాలి" అన్నాడు. ఆయన మాట మీద రహదారికి దగ్గర్లో ఒక ఎకరం చూసి, 50 వేలు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకున్నాను. కొనేవాణ్ణి ఒకణ్ణి పట్టుకున్నాను కూడా. ఆయన నాకంటే తెలివైనవాడు. ముందు గుత్తి సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి పోదాం పదమన్నాడు. అక్కడ ఆవరణలో కూర్చునే దస్తావేజు లేఖరి సర్వే నంబరు చూసి పది నిమిషాల్లో చెప్పాడు. అది ప్రభుత్వం పేదవాడికి ఇచ్చిన డి.కె.టి. పట్టా భూమి, 22-ఏ నిషేధిత జాబితాలో ఉంది, రిజిస్ట్రేషను కాదు.

అసైన్డ్ భూములు అమ్మకూడదని 1977లోనే చట్టం వచ్చింది. ఆ తర్వాత సవరణలు జరిగాయి, 2023లో కూడా జరిగింది, నిబంధనలు మారుతూ వస్తున్నాయి. కాబట్టి కొనే రోజు పరిస్థితి ఏమిటో ఆ రోజే తహసీల్దారు కార్యాలయంలో కనుక్కోవాలి. ఇ.సి. తీయిస్తే రిజిస్టరైన లావాదేవీలు తెలుస్తాయి, చేతిరాత అగ్రిమెంట్లు అందులో కనపడవు. అడంగలు, 1-బి కంప్యూటరులో చూసుకోవచ్చు. 69,500 రూపాయల చదువులో 22-ఏ అన్న మాట నాకు ఒక్కసారి కూడా వినపడలేదు. ఆ లేఖరి నా దగ్గర టీ డబ్బులు కూడా తీసుకోలేదు.

మెంటారుకు ఫోను చేశాను. మోగింది, మోగింది, ఊరుకుంది. అడ్వాన్సు తీసుకున్న రైతు దగ్గరకు వెళ్ళాను. ఆ డబ్బు కూతురి కాన్పుకు అయిపోయిందన్నాడు. ఆయన మోసగాడు కాడు. అమ్మకూడదని ఆయనకూ సరిగా తెలియదు. నేనే వెళ్ళి ఆశపెట్టాను. గట్టిగా అడగడానికి నోరు రాలేదు.

మొత్తం 1,19,500 రూపాయలు. లీటరు 40 రూపాయలనుకుంటే ఇంచుమించు మూడు వేల లీటర్ల పాలు. రోజుకు ఆరు లీటర్లిచ్చే ఎనుము ఒక్కరోజు కూడా ఒట్టిపోకుండా, మేతా దాణా ఊరికే వస్తాయనుకుని, ఏడాది నాలుగు నెలలు ఇవ్వాలి. పెద్దల తరగతిలో నేర్చుకోని లెక్క నా కొట్టంలో నేర్చుకున్నాను.

మన కేంద్రంలో పాలు పోస్తే ముందు కొలుస్తారు, మన కళ్ళ ముందే వెన్న శాతం చూస్తారు, అర పాయింటు తగ్గితే మనం పోట్లాడతాం. పోట్లాడాలి కూడా. అంత పోట్లాడే నేను, ఆ తరగతిలో "పోయిన ఏడాది మీ దగ్గర చదివినవాళ్ళు ఎందరు, అందులో భూమి మీద సంపాదించినవాళ్ళు ఎందరు, లెక్క చూపండి" అని అడగలేదు. వేదిక మీదకు ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి కార్ల ఫోటోలు చూపించారు. వాళ్ళకు ఆదాయం భూమి మీద కాక, కొత్తవాళ్ళను చేర్పించినందుకు వచ్చిన కమీషను మీద అని తర్వాత వాళ్ళలో ఒకడే నాకు చెప్పాడు. 2019లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ఈబిజ్ కేసులోనూ పైకి కనపడే సరుకు చదువే. సుమారు 17 వేల రూపాయలకు కంప్యూటరు కోర్సులు, లోపల మాత్రం మనిషి కింద మనిషిని చేర్చే గొలుసు.

ఇంతవరకు చెప్పింది నా డబ్బు సంగతి. చెప్పడానికి మూడు నెలలు పట్టింది దీనికి కాదు.

అప్పట్లో నేను పాలకవర్గంలో ఉన్నాను. ఆ సంస్థవాళ్ళు ఊళ్ళో ఒక చిన్న సమావేశం పెట్టుకుంటామంటే, మన పాల కేంద్రం గదిని నేనే అడిగి ఇప్పించాను. సాయంత్రం పాలు పోయడానికి వచ్చినవారు క్యాన్లు పక్కన పెట్టి కూర్చున్నారు. సంఘం గదిలో చెబుతున్నారంటే సంఘమే చెబుతున్నట్లు గదా. నన్ను చూసి ఇద్దరు చేరారు. ఒకరు 9,500తో ఆగారు. ఇంకొకరు రెండో ఈత ఎనుమును అమ్మి మొత్తం కట్టారు. ఆయన ఇంట్లో పాలు ఇచ్చేది అదొక్కటే. ఆ తర్వాత ఎనిమిది నెలలు మన కేంద్రం పుస్తకంలో ఆయన పేరు ఎదురుగా గీత ఉండేది. పొద్దున నేను క్యాను తీసుకుని వస్తుంటే ఆయన వాకిట్లో కూర్చుని ఉండేవాడు. పలకరించేవాడు కూడా. పలకరించకపోతే బాగుండుననిపించేది.

రశీదు మీద "శిక్షణ రుసుము తిరిగి ఇవ్వబడదు" అని రాసి ఉంది కాబట్టి ఏమీ చేయలేమనుకున్నాను. అది తప్పని తర్వాత తెలిసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ఆఫీసు బెంగుళూరులో ఉన్నా హైదరాబాదులో ఉన్నా, మనం నివాసముండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫిర్యాదుకు రుసుము లేదు. ముందు 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకోవచ్చు. అయితే రెండేళ్ళ లోపల వేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ ఒప్పుకోవచ్చు. సిగ్గేసింది అన్నది కారణమని నేను ఏ కాగితం మీద రాయను? నా రెండేళ్ళు అలా గడిచిపోయాయి. నేను నోరు తెరవకపోవడం వల్ల ఆ ఇద్దరి రెండేళ్ళు కూడా గడిచిపోయాయి.

ఆ సభ్యునికి పోయిన శ్రావణంలో మా పెయ్యను తోలిచ్చాను. వద్దన్నాడు, మా ఇంటిదాని మాట మీద తీసుకున్నాడు. అది ఈనడానికి ఇంకా ఏడాది పైన పడుతుంది.

అధ్యక్షుల వారికి ఒక విన్నపం. మన కేంద్రం గదిని పశువైద్యం, మేత, సంఘం లెక్కలు తప్ప ఇంకో పనికి ఇవ్వాలంటే సర్వసభ్య సమావేశంలో అడగాలని తీర్మానం రాయించండి. ప్రతిపాదించడానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు, ఎవరైనా బలపరిస్తే సంతోషం.

ఇలాంటి ఫీజులు కట్టినవారు ఈ సభలో ఇంకా ఉన్నారని నాకు తెలుసు. పేర్లు చెప్పను. రశీదు తేదీ చూసుకోండి. రెండేళ్ళు దాటనివారు రశీదు, కట్టిన బ్యాంకు కాగితం, వాళ్ళు పంచిన కరపత్రం, ఫోనులో మెసేజీలుంటే అవీ తీసుకుని మంగళవారం సాయంత్రం పాలు పోశాక కేంద్రం దగ్గర ఆగండి. మా అబ్బాయి ఫిర్యాదు రాసిపెడతాడు. బుధవారం పొద్దున అనంతపురం బస్సుకు నేనూ వస్తాను. చార్జీ మాత్రం ఎవరిది వారే పెట్టుకోవాలి.