ఏడాది పనిని సంక్రాంతికి వదులుకోకండి

(2025 డిసెంబరులో చెన్నై పెరంబూరులో జరిగిన స్పిన్నింగు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగం)



రాత్రి షిఫ్టు దిగి, నిద్ర మానుకుని వచ్చినవారు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. కాబట్టి దండలు, వందన సమర్పణలు పక్కన పెట్టి నేరుగా విషయానికి వస్తున్నాము. మధ్యలో ఎవరైనా కునికితే పక్కవారు లేపవద్దు. సెలవు చీటీ సంగతి వచ్చినప్పుడు మాత్రం తప్పకుండా లేపండి.

మీలో ఎక్కువమంది కిందటి సంక్రాంతి వెళ్ళగానే హౌరా మెయిలు జనరల్ పెట్టెలో నిలబడి వచ్చినవారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను నుంచి చెన్నై సెంట్రలుకు దాదాపు 900 కిలోమీటర్లు. కొందరి తండ్రులు చిట్టివలసలోనో, నెల్లిమర్లలోనో జూట్ మిల్లుల్లో పనిచేసినవారు. చిట్టివలస మిల్లు 2009లో లాకౌట్ అయిన తరువాత ఆ ఇళ్ళ సంగతి ఏమైందో మాకంటే మీకే బాగా తెలుసు. ఇంటి దగ్గర మిల్లు ఉన్నంతకాలం మిల్లు పనికి ఎవరూ రైలెక్కలేదు.

మొన్న మీ గదులకు వచ్చి, ఏడాది ఎలా గడిచిందని ఒక్కొక్కరినీ అడిగాము. ఒక తమ్ముడు మొదటి నెలంతా నిద్రలో కూడా రింగ్ ఫ్రేము చప్పుడే వినిపించేదని చెప్పాడు. ఉప్పుడు బియ్యం అన్నం గొంతు దిగదనీ, చోడి అంబలి కోసం ప్రాణం లాగుతుందనీ నలుగురైదుగురు అన్నారు. చోళ్ళు ఈ ఊరి దుకాణాల్లో కూడా దొరుకుతాయి. కేళ్వరగు అని అడగండి. ఒక చెల్లెలు బిడ్డను అమ్మ దగ్గర వదిలి వచ్చింది. ఆ బిడ్డ మొదటి అడుగులు ఆమె ఫోనులో చూసింది. షిఫ్టుకు వేళయిందని మధ్యలోనే ఫోను కట్టేసింది. ఇంకొక తమ్ముడికి తండ్రి పోయిన కబురు రాత్రి షిఫ్టులో అందింది. అతను ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. జీతం చీటీలో హాజరు, ఓవర్‌టైము, మెస్సు కోత, అడ్వాన్సు కోత అన్నిటికీ గడులు ఉంటాయి. వీటికి గడి లేదు.

అన్ని గదుల్లోనూ ఒకే మాట విన్నాము. "మాకు యూనియన్ ఎందుకన్నా? ఇంకో ఏడాది చేసి ఊరికి వెళ్ళిపోతాం కదా!"

ఈ మాట మేము కూడా అన్నాము. 1988లో సూళ్ళూరుపేట దగ్గర ఒక పల్లె నుంచి, పదో తరగతి పాసైన కాగితం పట్టుకుని, పద్దెనిమిదేళ్ళ వయసులో ఈ నగరానికి వచ్చాము. మా ఊరు ఎనభై కిలోమీటర్ల దూరమే, మీ దూరంతో పోల్చలేము. అయినా ఆ ఏడాది మొత్తం మీద నాలుగుసార్లకు మించి వెళ్ళలేకపోయాము. నగరానికి ఉత్తరం వైపు ఒక మిల్లులో బదిలీ పని. తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడాలి, ఎవరు రాకపోతే వారి ఫ్రేము మనకు. ఎవరికి జబ్బు చేస్తుందా అని ఎదురు చూసే బతుకు అది, చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. "ఒక్క ఏడాది చేసి, అక్క పెళ్ళి అప్పు తీర్చి వెళ్ళిపోతాం" అని తోటివారితో అంటూ ఉండేవాళ్ళం. ముప్పై ఏడేళ్ళు అయింది.

సంక్రాంతి వచ్చేసరికి మేస్త్రీ ఒక ఇంగ్లీషు కాగితం ఇచ్చి, "దీని మీద సంతకం పెట్టి పండక్కి వెళ్ళు, వచ్చాక మళ్ళీ చేరుదువు గాని" అనేవాడు. ఊరికి వెళ్ళే సంతోషంలో సంతకం పెట్టేవాళ్ళం. తిరిగి వచ్చాక కొత్త టికెట్టు నంబరు ఇచ్చేవారు. అలా వరుసగా మూడు సంక్రాంతులు. ఆ కాగితం రాజీనామా అని నాలుగో ఏడాది ఒక పెద్దాయన చదివి చెప్పేవరకు మాకు తెలియలేదు. పదో తరగతి పాసైన మాకే తెలియకపోతే, వేలిముద్ర వేసినవారి సంగతి చెప్పేదేముంది?

ఆ మూడేళ్ళ విలువ తరువాత మిల్లు మూసినప్పుడు తెలిసింది. గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్క కడతారు. మూసివేత పరిహారం కూడా ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం. మూడేళ్ళు పోయినందుకు రెండూ కలిపి తొంభై రోజుల జీతం మాకు రాలేదు. అది మా చెల్లెలి పెళ్ళి చేయవలసిన ఏడాది. మళ్ళీ వడ్డీకి తెచ్చాము. ఒక అప్పు తీర్చడానికి వచ్చినవాళ్ళం ఇంకో అప్పు చేశాము.

ఇప్పుడు మీ సంగతి. ఈ నెలలో మీ కాంట్రాక్టర్ల మేస్త్రీలు, "పండక్కి అందరూ వెళ్ళండి, లెక్క చూసి పంపించేస్తాం, ఫిబ్రవరిలో మళ్ళీ కొత్తగా రండి" అని చెబుతున్నారు. కొన్ని గదుల్లో కాగితాలు కూడా పంచారు. కాగితం మారింది, అంతకుముందు టైపు చేసేవారు, ఇప్పుడు కంప్యూటరులో తీస్తున్నారు. లోపలి మాట మాత్రం మేము సంతకం పెట్టినదే.

వారికి ఎందుకంత తొందర? తమిళనాడులో 1981లో ఒక చట్టం చేశారు. పారిశ్రామిక సంస్థలో ఇరవై నాలుగు క్యాలెండరు నెలల్లో 480 రోజులు ఎడతెగకుండా పనిచేసిన కార్మికుణ్ణి పర్మనెంటు చేయాలని ఆ చట్టం చెబుతుంది. బదిలీ కార్మికుడు, క్యాజువల్ కార్మికుడు కూడా అందులోకి వస్తారు. మీరు నెలకు ఇరవై ఆరు రోజుల చొప్పున పదకొండు నెలలు పనిచేశారనుకుందాం, 286 రోజులు. మిగిలినవి 194, అంటే ఇంకా ఏడున్నర నెలలు. సగం మెట్లు దాటి పైకి వచ్చిన మనిషిని మళ్ళీ కిందికి దింపి, మొదటి మెట్టు నుంచి ఎక్కమంటున్నారు.

మంజూరైన సెలవు వల్ల, జబ్బు వల్ల పని ఆగితే సర్వీసు తెగినట్టు కాదని అదే చట్టంలో ఉంది. రాజీనామా చేస్తే తెగుతుంది. మీరు పండగకు వెళ్ళవద్దని మేము చెప్పము. వెళ్ళండి, బిడ్డను ఎత్తుకోండి, కడుపునిండా తినండి. కాని సెలవు చీటీ రాసి, సంతకం పెట్టిన నకలు చేతికి తీసుకుని వెళ్ళండి.

కాంట్రాక్టు కార్మికులకు ఈ చట్టం వర్తించదని యాజమాన్యాలు వాదిస్తాయి. ఆ వాదన కోర్టుల దాకా పోతుంది, గెలుపు ఖాయమని మేము మీకు మాట ఇవ్వలేము. అయితే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ ఫ్రేము మీద నేనే పనిచేశానని చూపించే కాగితం లేకపోతే, కోర్టు గుమ్మం దాకా కూడా వెళ్ళలేము. జీతం చీటీ, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు, గేటు పాసు. వీటన్నిటినీ ఫోనులో ఫోటో తీసి ఇంట్లో ఎవరికైనా పంపి ఉంచండి. పీఎఫ్ యూఏఎన్ నంబరు మనిషికి ఒక్కటే ఉండాలి. కొత్త కాంట్రాక్టరు కొత్త నంబరు తెరుస్తానంటే ఒప్పుకోకండి, పాతదే చెప్పండి.

పేరు పుస్తకంలో ఎక్కడం ఎందుకు ముఖ్యమో ఈ నగరమే ఒకసారి చూపించింది. 2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలిపోయి 61 మంది చనిపోయారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు వారిలో చాలామంది ఉన్నారు. వారూ మీలాగే కొన్ని నెలలు చేసి వెళ్ళిపోదామని వచ్చినవారే. ఇంతకంటే ఆ విషయం పొడిగించము. ఆ ఊళ్ళవారు ఇక్కడ కూర్చుని ఉన్నారు.

కేంద్రం తెచ్చిన కొత్త కోడ్‌ల గురించి చాలామంది అడుగుతున్నారు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చి, 29 పాత చట్టాలను తీసివేశారు. పోయినవాటిలో 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఒకటి. ఊరు విడిచి వచ్చినందుకు నెల జీతంలో సగం స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలని అందులో ఉండేది. మీలో ఎవరికైనా అది అందిందా? చేతులెత్తండి. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అందకముందే పోయిందన్నమాట. పాత చట్టం ఐదుగురు వలస కార్మికులున్న చోట వర్తించేది, ఇప్పుడు పదిమంది ఉండాలి. ఊరికి వెళ్ళి రావడానికి ఏడాదికొకసారి ప్రయాణ భత్యం అన్నది మాత్రం కొత్త కోడ్‌లోనూ ఉంది. ఈ సంక్రాంతికే దాన్ని రాతపూర్వకంగా అడుగుతున్నాము. నియామక పత్రం ప్రతి కార్మికుడికీ ఇవ్వాలని కూడా ఉంది. నిర్ణీత కాలానికి తీసుకున్న కార్మికుడికి ఒక ఏడాది సర్వీసు ఉంటే గ్రాట్యుటీ రావాలని ఉంది. అంతకుముందు ఐదేళ్ళు ఉండాలి. ఈ కోడ్‌లను మన యూనియన్ వ్యతిరేకించింది, ఇప్పటికీ వ్యతిరేకిస్తోంది. అయినా అందులో మనకు పనికివచ్చే ముక్క ఉంటే దాన్ని వాడుకోకపోవడం తెలివితక్కువతనం. ఏడాది నిండితే గ్రాట్యుటీ అని రాసి ఉండగా, పదకొండో నెలలో పంపించేస్తామనడం ఎందుకో మీరే ఆలోచించండి.

ఇక్కడి తమిళ కార్మికులతో మాటామాటా వస్తోందని విన్నాము. "గొల్టి" అన్నారని రెండు గదుల వాళ్ళు కోపంగా ఉన్నారు. ఆ మాట మేమూ పడ్డాము. మీరు తక్కువ కూలికి వస్తారు కాబట్టి తమ పని పోతుందని వారి భయం, అందులో అబద్ధం లేదు. తక్కువ కూలికి రప్పించినవాడు మాత్రం ఆ గొడవలో కనిపించడు. పెరంబూరులో కూర్చుని మాట్లాడుతున్నాము కాబట్టి పాత సంగతి ఒకటి చెబుతాము. ఈ పేటలోని బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులతోనే 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. బి.పి. వాడియా అధ్యక్షుడు. సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు అన్న ఇద్దరు వర్తకులు ఇక్కడ ఒక భజన సభ నడిపేవారు, అక్కడికి వచ్చే కార్మికుల మొర విని వాడియాను పిలుచుకు వచ్చారు. మధ్యాహ్నం అన్నం తినడానికి వేళ చాలడం లేదన్నది మొదటి ఫిర్యాదుల్లో ఒకటి. మీ మెస్సులో ఇవాళ్టి ఫిర్యాదు కూడా అదే! 1921లో ఆ మిల్లుల్లో నెలల తరబడి సమ్మె జరిగింది. అంటరానివారని దూరం పెట్టిన కార్మికులకూ మిగిలినవారికీ మధ్య అప్పుడు చీలిక వచ్చింది, పులియాంతోపులో ఇళ్ళు తగలబడ్డాయి, సమ్మె ఓడిపోయింది. పక్కవాణ్ణి ముందే తమవాడిగా చూసి ఉంటే ఆ చీలిక అంత సులభంగా వచ్చేది కాదు. ఆ మిల్లులు 1996లో మూతపడ్డాయి. వాటిలో పనిచేసిన తమిళుల పిల్లలూ తెలుగువాళ్ళ పిల్లలూ ఈ పేటల్లో ఇప్పటికీ పక్కపక్క ఇళ్ళలోనే ఉన్నారు. తమిళం నాలుగు ముక్కలు నేర్చుకోండి. సెలవు చీటీ మీద సాక్షి సంతకానికి పక్క ఫ్రేము తమిళ తమ్ముణ్ణే అడగండి. పెట్టడానికి పదిమంది సిద్ధంగా ఉన్నారు, వారితో మాట్లాడే వచ్చాము.

ఇంకొక్కటి. సెలవు తరువాత పనిలోకి వచ్చిన మొదటి రోజు ఛాతీ బిగబట్టి, దగ్గు, ఆయాసం వస్తే వాతావరణం మార్పు అని ఊరుకోకండి. దూది నుసి జబ్బు అలాగే మొదలవుతుంది, డాక్టర్లు బిసినోసిస్ అంటారు. అది పని వల్ల వచ్చే జబ్బుగా చట్టంలో ఉంది. మీ జీతంలో ఈఎస్ఐకి నూటికి ముప్పావు రూపాయి కోస్తున్నారు, యాజమాన్యం మూడుంపావు కట్టాలి. డబ్బు కడుతున్న ఆసుపత్రికి వెళ్ళడానికి మొహమాటం అక్కర్లేదు.

సరే, నిద్రపోతున్నవారిని లేపండి. సెలవు చీటీలు తెలుగులోనూ తమిళంలోనూ అచ్చువేయించి ఆ బల్ల మీద పెట్టాము. ఒక్కొక్కరు రెండేసి తీసుకోవాలి, ఒకటి ఆఫీసుకు, రెండోది రసీదు సంతకంతో మీ దగ్గర. ఆఫీసువాళ్ళు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపుదాం, ఖర్చు యూనియన్‌ది. తిరిగి వచ్చే తేదీ తప్పనిసరిగా రాయండి. రాయడం రానివారికి మా కుర్రాళ్ళు ఇద్దరు రాసిపెడతారు. మేస్త్రీ ఇచ్చిన కాగితం మీద ఇప్పటికే సంతకం పెట్టినవారు ఎనిమిదిమంది ఉన్నారని తెలిసింది. సిగ్గుపడకుండా ముందుకు రండి. ఆ సంతకం తెలియక పెట్టామని ఇవాళే ఉత్తరం రాద్దాం, ఆలస్యం చేస్తే కష్టం. రెండో షిఫ్టువాళ్ళు ముందు రండి, మీకు బస్సు వేళవుతోంది.