సెలవు విడిదిలో మన వంతు



హిందూపురం, మడకశిర, కుప్పం, పుంగనూరు వైపు నుంచి సరుకు కోసం బెంగుళూరు వచ్చేవాళ్ళకు కాటన్‌పేట కొత్త కాదు. మెజెస్టిక్‌లో బస్సు దిగి, సంచీ భుజాన వేసుకొని నడిచి వచ్చేంత దూరమే. ఒక పూట లాడ్జిలో దిగి, బట్టలో అగరుబత్తులో బేరం చేసుకొని, రాత్రి బండికి వెళ్ళిపోతారు. నేను ఆ పేటలోనే ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. లెక్కల మనిషిని కదా అని ఊరివాళ్ళు రకరకాల కాగితాలు తెచ్చి నా ముందు పెడుతూ ఉంటారు. వాటిలో హాలిడే క్లబ్బు కాగితాలు తరచుగా కనబడుతున్నాయి. అంచేత వాటి గురించి, ముఖ్యంగా అందులో చేరేటప్పుడు ఏ రిసార్టును మనదిగా రాయించుకోవాలన్న సంగతి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇది ఎలా మొదలవుతుందో మీలో కొందరికి అనుభవమే. పెద్ద దుకాణంలో ఒక చీటీ నింపి డబ్బాలో వేస్తారు. వారం తిరక్కముందే ఫోను వస్తుంది. మీకు బహుమతి వచ్చింది, ఆదివారం ఫలానా హోటలుకు భార్యాభర్తలిద్దరూ రావాలి అంటారు. ఒక్కరే వెళితే బహుమతి లేదు. ఇద్దరూ ఎందుకంటే, ఒకరుంటే 'ఇంట్లో అడిగి చెబుతాను' అని లేచి వచ్చేయవచ్చు. ఇద్దరూ ఉంటే ఆ సాకు ఉండదు. చల్లని హాల్లో కూర్చోబెట్టి, కొండల బొమ్మలు చూపించి, ఈ ధర ఈ సాయంత్రం వరకే అంటారు.

అసలు ఈ టైమ్ షేర్ అంటే ఏమిటి? మన సీమవాళ్ళకు విడమరచి చెప్పవలసిన పని లేదు. ఒక బావికి నలుగురు అన్నదమ్ములు వంతుదార్లుగా ఉండేవాళ్ళు. బావి అందరిదీ, నీళ్ళు మాత్రం ఎవరి వంతు రోజున వాళ్ళవి. కపిల పోయి మోటార్లు వచ్చినా వంతులు పోలేదు. ఇదీ అంతే. ఒక గదిని ఏడాదిలో యాభై వారాలుగా తెగ్గోసి, వారానికొకరికి వంతు అమ్ముతారు. స్విట్జర్లాండులో 1963లో హపిమాగ్ అనే సంస్థ ఇలాంటి పద్ధతితో మొదలైంది. మన దేశంలో 1986లో మద్రాసులో స్టెర్లింగ్ సంస్థ, 1996లో మహీంద్రావారి సంస్థ వచ్చాయి. తర్వాత చిన్నాచితకా కంపెనీలు చాలా పుట్టాయి, కొన్ని గిట్టాయి కూడా.

బావి వంతు అన్నప్పుడు తెలిసిన రైతు ఏమడుగుతాడు? ఎన్ని గంటలని కాదు, ఏ వేళ అని అడుగుతాడు. కరెంటు లేని వేళ వంతు వస్తే ఎన్ని గంటలుండి ఏం లాభం? సొంత రిసార్టు, అంటే వాళ్ళు హోమ్ రిసార్టు అనేది, ఎంచుకోవడంలో ఉన్న కిటుకంతా ఇదే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. చైత్ర పౌర్ణమి రాత్రి బెంగుళూరు కరగ ఉత్సవం జరుగుతుంది. ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరిన కరగ మా కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చి వెళుతుంది. ఆ రాత్రికి మా చుట్టాలందరికీ మా ఇల్లే హోమ్ రిసార్టు. ఏటేటా చందా కూడా లేదు! ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఎవరు ముందు కబురు చేస్తే వాళ్ళకు గది, ఆలస్యమైన వాళ్ళకు మిద్దె మీద చాప. ఏడాదిలో తక్కిన రోజులన్నీ ఆ గదులు ఖాళీయే. కానీ ఖాళీగా ఉన్న రోజున ఎవరికి కావాలి?

హోమ్ రిసార్టు అన్నమాటకు విలువ ఈ ముందు కబురులోనే ఉంది. అమెరికాలో డిస్నీ సంస్థ 1991లో మొదలుపెట్టిన వెకేషన్ క్లబ్బునే చూడండి. అక్కడ స్థిరపడిన మన పిల్లలు కొందరు అందులో సభ్యులు. వాళ్ళ సొంత రిసార్టులో అయితే 11 నెలల ముందే గది అడగవచ్చు. అదే క్లబ్బులోని వేరే రిసార్టు కావాలంటే 7 నెలల ముందు మాత్రమే అడగాలి. మధ్యలో ఉన్న ఆ 4 నెలల్లోనే మంచి గదులూ మంచి తేదీలూ వెళ్ళిపోవచ్చు. 'ఎక్కడికైనా వెళ్ళవచ్చు, సొంత రిసార్టు అనేది పేరుకే' అని అమ్మే అబ్బాయి చెబితే, 'నాకు అక్కడ ఎన్ని నెలల ముందు, ఇతర చోట్ల ఎన్ని నెలల ముందు?' అని అడగండి. జవాబు కాగితం మీద చూపించమనండి.

మన దేశంలో ఇప్పుడు చాలా సభ్యత్వాలకు ఒక ఊరంటూ కట్టుబాటు లేదు. సీజను, గది సైజు, ఈ రెండే మీ వంతు. మహీంద్రావారు సీజన్లకు రంగుల పేర్లు పెట్టారు. పర్పుల్ అన్నిటికన్నా పైది, తర్వాత రెడ్, వైట్, బ్లూ. పై రంగు కొన్నవాళ్ళు కింది రంగు రోజుల్లో వెళ్ళవచ్చు, కింది రంగు వాళ్ళు పైకి ఎక్కలేరు. అంటే అక్కడ ఊరికి బదులు రంగును ఎంచుకుంటున్నాం అన్నమాట.

మా బావగారు, అంటే మా అక్క భర్త, హిందూపురంలో పట్టు వ్యాపారం చేస్తారు. పెళ్ళయిన నాటి నుంచీ మా అక్కను ఏదైనా చల్లని చోటికి తీసుకుపోతానని అంటూనే ఉన్నారు. తీరిక దొరికితేగా! కొన్నేళ్ళ కిందట అలాంటి హాల్లోనే కూర్చొని సంతకం పెట్టి, ఫైలు పట్టుకొని సాయంత్రం మా ఇంటికి వచ్చారు. తమిళనాడు కొండ మీద ఒక రిసార్టు. బొమ్మ చాలా బాగుంది. ధర అన్నిటికన్నా తక్కువ. ఎందుకు తక్కువ అని నేను అడిగితే, 'ఆదివారం వచ్చినవాళ్ళకు తగ్గించారురా' అన్నారు. లోపలి పేజీలో సీజను చూస్తే తెలిసింది, వాళ్ళ వంతు అక్టోబరు, నవంబరు ప్రాంతాల్లో.

అక్టోబరు, నవంబరు అంటే ఈశాన్య ఋతుపవనాల కాలం. తమిళనాడు కొండల మీద అప్పుడు బాగా వాన పడుతుంది. కొడగు, మున్నారు వైపు అయితే జూన్ నుంచి ఆగస్టు దాకా దంచి కొడుతుంది. కాబట్టి తక్కువ సీజను అన్న ఒక్క మాట చూసుకుంటే చాలదు. ఆ నెలలో ఆ కొండ మీద ఆకాశం ఎలా ఉంటుందో అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళను అడగాలి.

మొత్తానికి వెళ్ళారు. నాలుగు రోజులు మంచూ వానా, ఎదురుగా ఉన్న చెట్టు కనబడలేదట. బావగారికి ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం, 'పోనీలే, నాలుగు రోజులు నన్నెవరూ కాఫీ అడగలేదు' అంది. ఆ మాట విన్నప్పటి నుంచీ ఈ క్లబ్బులను పూర్తిగా తీసిపారేయడానికి నాకు నోరు రావడం లేదు. మర్నాటి ఏడాది మేలో అడిగితే మీ సీజను కాదన్నారు. ఆ తర్వాత అత్తగారికి ఆరోగ్యం బాగాలేక కదల్లేదు. కానీ ఏటేటా కట్టే చందా నోటీసు మాత్రం ఒక్క ఏడు కూడా తప్పలేదు.

సరిహద్దు వాళ్ళకు మరో చిక్కు ఉంది. కర్ణాటక బడులకు వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ రెండో వారం నుంచి మే నెలాఖరు దాకా. ఆంధ్ర బడులకు ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా. ఒక అక్కచెల్లెలి పిల్లలు బెంగుళూరులో, ఇంకొకరి పిల్లలు అనంతపురంలో చదువుతూ ఉంటే, అందరూ కలిసేది ఇంచుమించు మే నెల ఒక్కటే. కొండ ఊళ్ళకు అదే అన్నిటికన్నా గిరాకీ నెల. మీకు బడి పిల్లలున్నారా, మే నెల దొరికే సీజను కొనండి, లేదా అసలు కొనకండి. మధ్యేమార్గం లేదు. పిల్లలు పెద్దవాళ్ళైపోయినవాళ్ళకు నా సలహా వేరు. వేరుశెనగ ఇంటికి వచ్చాక, సంక్రాంతి దాటాక, జనవరి ఫిబ్రవరి నెలల్లో మన రైతుకు కొంచెం ఊపిరి ఆడుతుంది. కొండల మీద చలి ఉన్నా ఆకాశం తేటగా ఉంటుంది. గిరాకీ కూడా మేలో ఉన్నంత ఉండదు.

ఇక దూరం. ఏటా వెళ్ళగలిగిన చోటే సొంత చోటు. బెంగుళూరు నుంచి ఏర్కాడు సుమారు 230 కిలోమీటర్లు, మడికేరి 260, ఊటీ 270 పైమాట. దీనికి హిందూపురం నుంచో కుప్పం నుంచో బెంగుళూరుకు ఇంకో వంద కలుపుకోండి. ఊటీకి బండీపూర్ అడవి దారిలో 2009 నుంచి రాత్రి 9 మొదలు ఉదయం 6 దాకా వాహనాలు పోనివ్వరు. 2024 మే నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు సొంత బండిలో వెళ్ళేవాళ్ళు ఈ-పాస్ కూడా తీసుకోవాలి. ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, గోవా, మున్నారు బొమ్మలు పక్కన పెట్టి, మధ్యాహ్నం భోజనానికి చేరగలిగిన చోటు చూసుకోవడం మంచిది. గదిలో పొయ్యి ఉందా, వండుకోనిస్తారా అన్నది కూడా అడగండి. వారం రోజులు రెండు పూటలా హోటలు భోజనమంటే నలుగురికి ఎంతవుతుందో ఆ హాల్లో ఎవరూ చెప్పరు.

లెక్క కూడా ఒకసారి వేద్దాం. ఇవి నేను ఊహించి చెప్పే అంకెలే, ఏ కంపెనీవీ కావు. 25 ఏళ్ళకు సభ్యత్వం 4 లక్షలు అనుకుందాం. ఏటా 7 రాత్రులు. మొత్తం 175 రాత్రులు. రాత్రికి సుమారు 2,286 రూపాయలు. ఏటా చందా 18,000 అయితే దాని కింద రాత్రికి ఇంకో 2,571. కలిపి 4,857. ప్రయాణం, భోజనం, జి.ఎస్.టి. విడి. ఇది తప్పకుండా ఏటా వెళితే. మా బావగారిలా 25 ఏళ్ళలో పది ఏళ్ళే వెళ్ళగలిగారనుకోండి, చందా ఒక్క పైసా పెరగకపోయినా రాత్రికి 12,143 పడుతుంది. పెరగకుండా ఉంటుందా? ఏడాదికి నూటికి 5 చొప్పున పెరిగితే 25వ ఏట ఆ 18,000 కాస్తా సుమారు 58,000 అవుతుంది. పెంపుకు హద్దు ఉందా లేదా అన్నది ఒప్పందంలో వెతకండి. వాయిదాల మీద వడ్డీ ఉంటే అదీ కలుపుకోండి.

'వెళ్ళకపోతే మార్చుకోవచ్చు' అంటారు. నిజమే. 1974లో అమెరికాలో మొదలైన ఆర్.సి.ఐ. లాంటి సంస్థలు ఉన్నది అందుకే. మీ వారాన్ని జమ చేసి, రుసుము కట్టి, ఇంకొకరి ఊళ్ళో వారం తీసుకోవచ్చు. కానీ సంతలో మేకను ఇచ్చి ఆవును తెచ్చుకోగలమా? మేలో కొండ మీది వారానికి ఉన్న పలుకుబడి వానాకాలం వారానికి ఉండదు. మార్చుకోవాలనుకునేవాళ్ళు కూడా నలుగురూ కోరే సీజనే కొనాలన్నమాట.

'వెళ్ళకపోతే డబ్బు లాభంతో తిరిగి ఇస్తాం' అని ఎవరైనా అంటే మాత్రం కుర్చీలోంచి లేవండి. అలా సెలవుల పేరుతో డబ్బు తీసుకున్న రాయల్ ట్వింకిల్ స్టార్ క్లబ్ పథకాలు నిజానికి పెట్టుబడి పథకాలేనని 2015లో సెబీ తేల్చింది. సెలవు వంతు పెట్టుబడి కాదు. తిరిగి అమ్ముదామంటే కొనేవాడు దొరకడం కష్టం.

సంతకం పెట్టాక మనసు మారితే? ఐరోపా సమాఖ్య దేశాల్లో 2009 నాటి ఆదేశం ప్రకారం 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి తగ్గవచ్చు. మన దగ్గర టైమ్ షేర్‌కంటూ విడిగా చట్టం లేదు. కంపెనీ ఒప్పందంలో ఎన్ని రోజులు రాసిందో అన్నే. అందుకని ఆ గడువు తేదీని ఇంటికి రాగానే క్యాలెండరులో గీసి పెట్టుకోండి. రద్దు చేసుకుంటే ఫోనులో కాదు, రాతపూర్వకంగా, స్పీడు పోస్టులో పంపండి. నోటితో ఇచ్చిన మాటలు ఏవైనా ఉంటే, మే నెల ఇస్తామన్నది గానీ, ఉచిత విమానం టిక్కెట్లు గానీ, ఫారం మీద రాయించి సంతకం చేయించుకోండి. రాయనంటే అది లేదన్నమాటే. తగాదా వస్తే కంపెనీ బొంబాయిలో ఉన్నా మీరు అక్కడిదాకా పోనక్కరలేదు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్ళు దాటనివ్వకండి. ముందుగా సలహా కావాలంటే 1915 నెంబరుకు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడేవాళ్ళూ ఉంటారు.

ఇప్పుడు మా అక్క కూతురూ అల్లుడూ అలాంటి ఫారమే ఒకటి తెచ్చారు. ఇద్దరూ బెంగుళూరులోనే ఉద్యోగం. బిడ్డ ఇంకా బడికి పోలేదు. అల్లుడు సముద్రం ఒడ్డున కావాలంటాడు. అక్కను అడిగితే, 'నన్ను కూడా తీసుకుపోయేటట్టయితే దగ్గరిది చూడండి, వాన లేనప్పుడు' అంది. ఏర్కాడు అనీ, జనవరి అనీ పెన్సిలుతో రాసి పెట్టాం. బిడ్డ బడిలో చేరాక ఆ జనవరి పనికి రాదే అని అల్లుడు అన్నాడు. అదీ నిజమే. సీజను తర్వాత మార్చుకోవచ్చా, దానికి ఎంత కట్టాలి అని కంపెనీకి ఉత్తరం రాశాం. జవాబు వచ్చేదాకా ఆ గడిలో పెన్ను పెట్టవద్దని చెప్పాను.

సెలవు.