చమురు గడ్డ మీద కొత్త పరిశ్రమలు - మన గ్రాట్యుటీ డబ్బు



గల్ఫులో పెట్టుబడి అవకాశాల గురించి మాట్లాడమని నన్ను కోరారు. నేను ఆర్థికవేత్తను కాను. ట్రెజరీలో ముప్పై మూడేళ్లు బిల్లులు పరిశీలించిన గుమాస్తాను. మా అల్లుడు సౌదీ అరేబియాలోని జుబైల్‌లో ఉద్యోగం చేస్తున్నందున రెండుసార్లు వెళ్లి, చెరో మూడు నెలలు ఉండి వచ్చాను. ఊరికే కూర్చోలేని అలవాటు కనుక అడిగి, చదివి కొంత తెలుసుకున్నాను. గల్ఫు అంటే ఆరు దేశాలు, ఆరు చట్టాలు. అందుచేత నేను చూసిన సౌదీ తూర్పు రాష్ట్రానికే పరిమితమవుతాను. మన జిల్లాల పిల్లలు దమ్మామ్, ఖోబర్, జుబైల్ అని చెప్పే ఊళ్లన్నీ అక్కడివే.

ఆ ప్రాంతంలో చమురు కోసం 1933లో ఒక అమెరికన్ కంపెనీకి అనుమతి ఇచ్చారు. మొదట తవ్విన బావులు నిరాశపరిచాయి. 1938 మార్చిలో దమ్మామ్ ఏడవ నెంబరు బావిలో చమురు పడింది. పదేళ్లకు ఘవార్ క్షేత్రం బయటపడింది. భూమి మీద ఉన్న చమురు క్షేత్రాల్లో అంత పెద్దది మరొకటి లేదు. అయితే చమురుతోపాటు పైకి వచ్చే గ్యాసును చాలా ఏళ్లు గాలిలోనే మండించి వదిలేశారు. దాన్ని పట్టి పరిశ్రమలకు వాడాలన్న నిర్ణయం 1970లలో జరిగింది. 1975లో జుబైల్, యాన్బూ పట్టణాల నిర్మాణానికి ఒక రాయల్ కమిషన్, మరుసటి సంవత్సరం సాబిక్ సంస్థ ఏర్పడ్డాయి. చేపలు పట్టుకునే చిన్న ఊరు జుబైల్ మహా పారిశ్రామిక నగరమయింది. ఒకప్పుడు మండించిన గ్యాసు నుంచే ఈనాడు ప్లాస్టిక్కుకు ముడిసరుకు, యూరియా తయారవుతున్నాయి.

ఇదంతా ఉన్నా ఖజానా మాత్రం చమురు ధర మీదనే నడిచింది. 2014 మధ్యలో పీపా వంద డాలర్లకు పైన ఉన్న ధర 2016 జనవరిలో ముప్పై డాలర్లకు దిగువకు పడింది. ఆ ఏడాది సౌదీలో వేలాది మంది భారతీయ కార్మికులు జీతాలందక శిబిరాల్లో చిక్కుకుపోతే మన కేంద్ర సహాయ మంత్రి స్వయంగా వెళ్లవలసి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ ప్రభుత్వం, చమురు మీద ఆధారపడడం తగ్గించుకుంటామని విజన్ 2030 పథకం ప్రకటించింది.

ఆ మాట కాగితం మీదనే ఉండిపోయిందనుకోకండి. జుబైల్‌కు ఉత్తరాన రాస్ అల్ ఖైర్ అనే రేవు ఉన్నది. ఎక్కడో ఉత్తరపు గనుల నుంచి ఫాస్ఫేటు, బాక్సైటు రైళ్లలో అక్కడికి చేరి ఎరువులుగా, అల్యూమినియంగా మారుతాయి. 2025 జూలైలో సౌదీ గనుల సంస్థ మాదెన్, మన దేశపు మూడు ఎరువుల సంస్థలతో ఐదేళ్లపాటు ఏటా 31 లక్షల టన్నుల డి.ఎ.పి. సరఫరాకు ఒప్పందాలు చేసుకున్నది. మన పొలాల్లో చల్లే బస్తాకూ ఆ ఎడారికీ ఉన్న బంధుత్వం అది. ఇక దమ్మామ్‌కూ అల్ అహ్సాకూ మధ్య చమురు బావులకు కావలసిన సామగ్రి తయారీకే ఒక పారిశ్రామికవాడ కట్టారు. కొనుగోళ్లలో స్థానికంగా ఎంత తయారయిందో ఆరాంకో లెక్క చూస్తుంది. మన టెండర్లలో స్థానిక పరిశ్రమలకు ప్రాధాన్యం ఇచ్చినట్లే. కనుక బయటి కంపెనీలు అక్కడే ఫ్యాక్టరీ పెట్టవలసి వస్తున్నది.

అంటే అవకాశాలు నిజమే. కానీ అవి ఎవరికి? కోట్ల పెట్టుబడి, సాంకేతిక పరిజ్ఞానం, ఆ దేశపు పెట్టుబడుల శాఖ వద్ద నమోదు ఉన్నవారికి. చాలా రంగాల్లో విదేశీయుడే నూటికి నూరు శాతం యజమాని కావచ్చు. అయితే ఇంతమంది సౌదీలను ఉద్యోగంలో పెట్టుకోవాలనే నిబంధన 2011 నుంచి గట్టిగా అమలవుతున్నది.

మన ఇంటి గడపదాకా వచ్చే 'అవకాశం' రూపు వేరు. "నాన్నా, ఒక సౌదీ పేరున వర్క్‌షాపు తీసుకుంటున్నా, నెలకు ఆయనకింత కట్టాలి, మిగతాది మనదే, ఇరవై లక్షలు పంపు" అని ఫోను వస్తుంది. ఇది శుద్ధ బినామీ. అక్కడ దీన్ని తసత్తుర్ అంటారు. 2020లో తెచ్చిన చట్టం ప్రకారం దీనికి ఐదేళ్ల దాకా జైలు, 50 లక్షల రియాళ్ల దాకా జరిమానా విధించవచ్చు. విదేశీయుడయితే ఆపైన దేశం నుంచి పంపించివేస్తారు. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కమ్యుటేషన్ డబ్బంతా ఇలాగే పంపారు. రెండేళ్లు బాగానే నడిచింది. తరువాత ఆ సౌదీ మరణించాడు. కొడుకులు వచ్చి తాళం వేశారు. లైసెన్సు, అద్దె పత్రం, బ్యాంకు ఖాతా అన్నీ తండ్రి పేరనే ఉన్నాయి. మనవాడి చేతిలో మిగిలింది లెక్కలు రాసుకున్న నోటుబుక్కు. దాన్ని తీసుకుని ఏ కోర్టుకు పోతాడు? పోతే ముందు తన నేరం తానే ఒప్పుకోవాలి.

మరి చట్టబద్ధంగా షేర్లు కొంటే సరిపోదా అని కొందరడిగారు. రిజర్వు బ్యాంకు నిబంధనల మేరకు మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు. పది లక్షల రూపాయలు దాటిన పెట్టుబడి సొమ్ము మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందే వసూలు చేస్తుంది, దాన్ని రిటర్నులో సర్దుకోవచ్చు. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఒక లెక్క వేయండి. కొడుకు జీతం ఆ చమురు మీద నడుస్తున్నది. నెలనెలా మనకు వచ్చే వెయ్యి రియాళ్లూ అక్కడివే. ఇప్పుడు తండ్రి గ్రాట్యుటీ కూడా అక్కడికే పోతే, 2016 వంటి సంవత్సరం మళ్లీ వచ్చిన రోజున జీతమూ పోయి, అసలూ తరిగి, కొడుకు సూట్‌కేసుతో దిగితే ఇంట్లో పొయ్యి దేని మీద వెలగాలి? వారు చమురు ఒక్కదాన్నే నమ్ముకోరాదని ఇంత ఖర్చు పెడుతుంటే, మనం వెళ్లి ఉన్నదంతా అక్కడే పెట్టడం నాకు అర్థం కాని విషయం.

పిల్లవాడు ఎన్.ఆర్.ఇ. ఖాతాలో, తన పేరనే డిపాజిట్ వేసుకోనివ్వండి. ప్రవాసిగా ఉన్నంతకాలం దాని వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. పెట్టుబడి పెట్టాలనే పట్టుదల ఉంటే వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వంటి సర్టిఫికెట్లకు పెట్టమనండి. కొత్త ఫ్యాక్టరీలు అడిగేది అదే. మన సొమ్ముకు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ల పథకం ఉన్నది, 2023 ఏప్రిల్ నుంచి దాని పరిమితి 30 లక్షలు. మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది, మందుల చీటీకి సరిపోతుంది.

ఇంకా ఎవరైనా డబ్బు అడిగితే లైసెన్సు ఎవరి పేర, అద్దె పత్రం ఎవరి పేర, బ్యాంకు ఖాతా ఎవరి పేర అని అడిగి, ఆ మూడింటి నకళ్లు తెప్పించుకోండి. అరబ్బీలో ఉంటే సంఘం కార్యాలయానికి తీసుకురండి, మా అల్లుడి చేత చదివించి చెప్పిస్తాను. హవాలా ద్వారా మాత్రం ఒక్క రూపాయి కూడా పంపకండి.  ప్రశ్నలుంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం.