ఇరుకు వంటింట్లో ఇంటి వంట

రాత్రంతా మీవారి మంచం పక్కన కూర్చుని వచ్చారు గనుక ఎక్కువసేపు కూర్చోబెట్టను. గుండె జబ్బుతోనో బి.పి.తోనో చేరిన మనిషిని ఇంటికి తీసుకువెళ్ళాక ఏమి వండిపెట్టాలి అన్నదే ఈ ఉదయం మన విషయం.

"మాది రెండు గదుల ఫ్లాటమ్మా, వంటింట్లో ఇద్దరు నిలబడితే చోటుండదు, పథ్యం వంట వేరే ఎక్కడ చేస్తాం?" అని చాలామంది అడుగుతారు. మాదీ అలాంటి ఫ్లాటే. మా అత్తగారికి గుండె బలహీనమై ఒంట్లో నీరు చేరితే, ఆసుపత్రి నుంచి అక్కడికే తీసుకువచ్చాం. మొదటి వారం నాకు ఓపిక లేక కర్రీ పాయింట్ నుంచి సాంబారు, కూర తెప్పించాను. పక్కన కొంచెం ఆవకాయ. ఐదో రోజుకి ఆమె పాదాలు మళ్ళీ వాచాయి. రాత్రి పడుకోలేక ఆయాసపడ్డారు. మందులన్నీ వేళకు ఇచ్చింది నేనే, ఉప్పు సంగతి మరిచిందీ నేనే.

ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. అప్పుడు బలహీనమైన గుండెకు పని పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికే రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ రోగికి ఎంత అన్నది డాక్టరుగారు చెప్పాలి. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, బయటి కూర - వీటిలో ఉప్పు మన లెక్కకు అందదు. ఇంట్లో వండితేనే చెంచా మన చేతిలో ఉంటుంది.

అందుకని వేరే పథ్యం మానేసి ఇంటిల్లిపాదికీ ఒకే వంట మొదలుపెట్టాను. నలుగురికీ కలిపి ఉదయమే మూడు టీ చెంచాల ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి, చిన్న గిన్నెలో తీసి పెట్టేదాన్ని. టిఫిన్‌కైనా, కూరకైనా, మజ్జిగకైనా అందులోదే. అయిపోతే ఆ రోజుకు అంతే. మొదట్లో అందరూ ముఖాలు ముడిచారు. మావారైతే పెరుగన్నం తిని లేచిపోయేవారు! కొన్ని వారాలకు నాలుకలే అలవాటు పడ్డాయి. ఉప్పు తగ్గిన చోట పులుపూ పోపూ ఆదుకుంటాయి. పప్పులో మామిడికాయో చుక్కకూరో వేయండి, చారు దించాక నిమ్మకాయ పిండండి, పోపులో జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు కాస్త ధారాళంగా వేయండి. అన్నం, పప్పు, కూరముక్కలు ఒకే కుక్కరులో గిన్నెల మీద గిన్నెలు పెడితే ఒక్క పొయ్యి చాలు.

ఊళ్ళో మా అత్తగారి వంటిల్లు పెరటివైపు ఉండేది. ముందుగదిలో మంచం మీదున్న మనిషికి అక్కడేం జరుగుతోందో తెలిసేది కాదు. ఇక్కడ మంచానికీ పొయ్యికీ మధ్య ఆరడుగులు. పోపు చిటపటలాడగానే "కరివేపాకు మాడుతోందే!" అని కేకవేసేవారు. అన్నం వద్దని పడుకున్న మనిషి ఆ వాసనకు లేచి కూర్చునేవారు. తరువాత గుమ్మంలో కుర్చీ వేస్తే చిక్కుడుకాయలు ఈనెలు తీసి ఇచ్చేవారు. ఇన్నేళ్ళలో మేమిద్దరం అంతగా కబుర్లు చెప్పుకున్నది లేదు.

రాత్రంతా వల వేసినా ఏమీ దొరకని శిష్యుల కోసం ప్రభువు ఒడ్డున నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధం చేశాడని యోహాను సువార్త 21వ అధ్యాయంలో చదువుతాం. అక్కడ వంటిల్లే లేదు.

మరొక మాట. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో చాలావరకు పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బి.పి., గుండె మందులు వాడేవారికి అది ప్రమాదం. డాక్టరుగారిని అడగకుండా కొనకండి. గుండె బలహీనమైన వారిని రోజూ ఉదయం టిఫిన్‌కు ముందు బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, ఆయాసం వచ్చినా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఇక మీరు చెప్పండి. మీ ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్టు ఎన్నాళ్ళు వస్తుంది, తినేవారు ఎందరు? ఒక్కొక్కరిదీ లెక్క వేద్దాం.