తుఫాను వేళ కారులో రేడియో



మన సముద్రతీరమునకు తుఫానులు క్రొత్తవి కావు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి సుమారు 10,000 మందిని బలిగొన్నది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును తాకినప్పుడు, ప్రజలను ముందుగా తరలించుట వలన పెక్కు ప్రాణములు నిలిచినవి. కాని స్తంభములు కూలి విద్యుత్తు పోయినది, సెల్‌ఫోనులు మూగవోయినవి. నేడు తుఫాను రాక మనకు ముందుగానే తెలియుచున్నది. అది దాటిపోయిన పిమ్మట ఏ గ్రామమున ఏమి జరిగినదో, ఎవరికి ఏమి కావలెనో తెలియుట మాత్రము ఇంకను కష్టముగనే ఉన్నది.

చేతిలోని సెల్‌ఫోను పలుకవలెనన్న దానికొక టవరు కావలెను. టవరునకు విద్యుత్తు కావలెను. టవరును నగరముతో కలుపు మార్గము చెడకుండ ఉండవలెను. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినను ఫోను పనిచేయదు. అమెచ్యూర్ రేడియోకు ఈ గొలుసుతో పని లేదు. ఇక్కడొక రేడియో, అక్కడొక రేడియో, వాటిని నడుపుట తెలిసిన ఇద్దరు మనుష్యులు ఉన్నచో చాలును. దీనినే హామ్ రేడియో అనుచున్నారు. ధనాపేక్ష లేక, అభిరుచితో దీనిని అభ్యసించువారు దేశదేశముల ఉన్నారు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చిన నాడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారి బృందము అండమానులోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది. ఫోనులు పనిచేయని ఆ దినములలో వారి రేడియో ద్వారా క్షేమసమాచారములు ప్రధాన భూభాగమునకు చేరినవి.

నేడు మేము చెప్పదలచినది కారులో అమర్చుకొను చిన్న రేడియోను గూర్చి. పలుకుటకును వినుటకును ఒకే పెట్టె. దానిని ట్రాన్సీవర్ అందురు. అది లావుపాటి పుస్తకమంత ఉండును. కొన్నిటిలో అంకెలు కనిపించు ముఖభాగమును విడదీసి డ్రైవరు ముందు అమర్చి, పెట్టెను సీటు క్రింద ఉంచుకొనవచ్చును. మన దేశమున ఇట్టి రేడియోలను ఎక్కువగా 144 నుండి 146 మెగాహెర్ట్‌జ్ వరకు గల పట్టీలో వాడుదురు. కారులో బ్యాటరీ ఉన్నది. దానిని నింపుటకు ఇంజను ఉన్నది. అవసరమైన చోటికి పోవుటకు చక్రములు ఉన్నవి. ఇల్లు మునిగినను కారును మెరకకు చేర్చుకొనవచ్చును.

అమర్చు విధము

50 వాట్ల శక్తితో పలుకునప్పుడు ఇట్టి రేడియో పది పన్నెండు ఆంపియర్ల కరెంటును తీసికొనును. ఫోను ఛార్జి చేసికొను సాకెట్టు తీగలు ఇంత భారమునకు ఉద్దేశింపబడినవి కావు. కావున ప్లస్ తీగను బ్యాటరీ నుండి నేరుగా తెచ్చుకొనవలెను. ఆ తీగకు బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు ఉండవలెను. ఇనుప అంచునకు రాసుకొని తీగపై తొడుగు చిరిగినప్పుడు, ఫ్యూజు రేడియో వద్ద మాత్రమే ఉన్నచో కారు అంటుకొనును. మైనస్ తీగను ఎచ్చట బిగింపవలెనో కారుతో వచ్చిన పుస్తకమును చూచి, తెలిసిన ఎలక్ట్రీషియనుచే చేయించుకొనవలెను.

ఏరియల్ పొడవు సుమారు అర మీటరు. దానికి తగిన చోటు ఇనుప పైకప్పు నడిబొడ్డు. ఆ రేకు కూడ ఏరియల్‌లో భాగము వలె పనిచేయును. బంపరుపై బిగించినచో అలలు అన్ని వైపులకు సమానముగ పోవు. పంపిన శక్తిలో ఎంత వెనుకకు వచ్చుచున్నదో తెలుపు ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరుతో ఒకసారి పరీక్షించి, ఒకటిన్నర లోపు ఉండునట్లు సరిచేసికొనవలెను. తీరగ్రామములలో ఉప్పుగాలికి అతుకులు త్రుప్పుపట్టును గనుక రబ్బరు టేపు చుట్టి, ఏటేట వానాకాలమునకు ముందు విప్పి చూచుకొనవలెను. పలుకుచున్నప్పుడు ఎవ్వరును ఏరియల్‌ను తాకరాదు.

బ్యాటరీ లెక్క

40 ఆంపియర్-గంటల బ్యాటరీని నీటి తొట్టిగా భావింపుడు. ఊరక వినుటకు సుమారు అర ఆంపియరు చాలును. రాత్రి పన్నెండు గంటలు విన్నను ఆరు ఆంపియర్-గంటలే ఖర్చగును. పది ఆంపియర్లతో పలుకునప్పుడో, ఆరు నిమిషములకే ఒక ఆంపియర్-గంట పోవును. తొట్టిని అడుగంట తోడినచో మరునాడు ఇంజను కదలదు. తుఫాను పిమ్మట పెట్రోలు కూడ దొరుకుట కష్టము. కావున ఎక్కువ వినవలెను, తక్కువ పలుకవలెను. దగ్గరివారితో ఐదు వాట్లతోనే మాటాడవలెను.

ఎంత దూరము చేరును?

ఈ అలలు ఇంచుమించు చూపు మేరకే పోవును. సమతలమైన డెల్టాలో రెండు కార్ల నడుమ పది కిలోమీటర్లకు మించి ఆశింపరాదు. ఒకవైపు 15 మీటర్ల స్తంభముపై ఏరియల్ ఉన్నచో ఇరవై కిలోమీటర్ల వరకు పోవచ్చును. కరకట్టపైకో, వంతెనపైకో కారును చేర్చినచో మాట మరికొంత దూరము చేరును. కొండలపై నెలకొల్పిన రిపీటరులు ఒక ఫ్రీక్వెన్సీపై విని మరియొక దానిపై తిరిగి పలుకుచు దూరమును పెంచును. కాని వాటి విద్యుత్తు కూడ పోవచ్చును. అప్పుడు గ్రామము నుండి గ్రామమునకు మాట నందించుటకు మధ్యలో ఒక కారును నిలుపుకొనవలెను.

పలుకు పద్ధతి

కారు నడుపువాడు పలుకరాదు. ప్రక్కనున్నవారు పలుకవలెను, లేదా కారును ఆపి పలుకవలెను. ముందు విని, వేరొకరు పలుకుట లేదని తెలిసిన పిమ్మట బొత్తామును నొక్కవలెను. వార్తను కాగితముపై వ్రాసికొని చదువవలెను: ఏ ఊరు, ఏ మండలము, ఎన్ని గంటలకు, ఎందరు, ఏమి కావలెను. కొత్తపాలెమను ఊళ్లు పెక్కు ఉన్నవి. మండలము పేరు చెప్పనిచో మందులు వేరొక ఊరికి పోవును. హోరులో "ఇరవై" అన్నది "అరవై"గా వినిపించును. అందుచే "రెండు, సున్న" అని అంకెలుగా విడదీసి చెప్పవలెను. విన్నవారు తిరిగి చదివి వినిపించిన పిమ్మటనే ఆ వార్త చేరినట్లు. కంటితో చూచినదియు, ఒకరు చెప్పగా విన్నదియు వేరువేరుగా తెలుపవలెను. రేడియోలో పలికినది అందరును విందురు గనుక, మృతుల పేర్లను అధికారులు కోరనిదే పలుకరాదు.

లైసెన్సు తప్పనిసరి

కేంద్రప్రభుత్వ లైసెన్సు లేనిదే ఈ రేడియోలో పలుకరాదు. 12 ఏండ్లు నిండినవారు పరీక్ష వ్రాయవచ్చును. విద్యుత్తు, రేడియోల ప్రాథమిక విషయములును, నిబంధనలును అందు అడుగుదురు. ఉత్తీర్ణులకు వీయూ అను అక్షరములతో మొదలగు పిలుపు సంకేతము లభించును. వాహనములో వాడుటకు లైసెన్సులో గల షరతులను చదివికొనవలెను. వ్యాపారపు బేరములకును, పాటలకును ఇందు తావు లేదు.

చెరువు నిండిన తరువాత గట్టు వేయుట సాధ్యము కాదు. రేడియో కొని బీరువాలో దాచినవారు తుఫాను నాడు దానిని నడుపలేరు. నాలుగైదు గ్రామముల యువకులు, ఉపాధ్యాయులు కలిసి లైసెన్సు పొంది, నెలకొక ఆదివారము రేడియో అమర్చిన కారును తమ గ్రామముల పొలిమేరలకు త్రిప్పి, ఎచ్చటి నుండి మాట చేరుచున్నదో, ఎచ్చట చేరుట లేదో పటముపై గుర్తించుకొనవలెను. ఆ పటము ప్రతిని మండల కార్యాలయమున ఇచ్చి, ఆపదవేళ తమ సేవ లభింపగలదని ముందుగనే తెలియజేయవలెను. దారులు మూసికొనిపోయిన నాడు, గర్భిణికి పడవ కావలెనన్న ఒక్క మాట సకాలమున చేరినను మన శ్రమ ఫలించినట్లే. ఈ పనికి పూనుకొనవలసినదిగా మిమ్ములను కోరుచున్నాము.