ప్రక్కదారిని నడచిన బంటు

చదరంగము నేర్చుకొనువారికి గురువు చెప్పు మొదటి మాట, బల్ల నడుమనున్న నాలుగు గడులను విడువవద్దని. మంచి మాటయే. అయితే ఆ నడుమను ఎదుటివానికి విడిచి, ప్రక్కలనుండి వత్తుచు వచ్చు పద్ధతి మరియొకటి కలదు. గుంటూరు, ఒంగోలు సీమల పల్లెలలో రచ్చబండల మీద పులిజూదమాడినవారికి దీనిని వేరుగ బోధింప నక్కరలేదు. నేర్పరి మొదటి మేకలను అంచులలోనే పెట్టును.

1924లో న్యూయార్కు పోటీలలో రిచర్డ్ రేటీ ఈ దారినే నడచి, ఎనిమిదేండ్లుగా ఓటమి యెరుగని కాపబ్లాంకాను ఓడించెను. అందు అతని మూడవ ఎత్తు మంత్రివైపు గుర్రపు బంటును రెండు గడులు నడపుట. నూరేండ్ల తరువాత, 2024 డిసెంబరు 8వ తేదీన, సింగపూరులో అదే బంటు మూడవ ఎత్తుననే కదలినది. కదిపినవాడు చెన్నపట్టణపు తెలుగు కుటుంబములోని దొమ్మరాజు గుకేశ్. ఎదుట జగజ్జేత, చైనా దేశీయుడు డింగ్ లిరెన్. పది ఆటలు ముగిసి చెరి అయిదు పాయింట్లు. మిగిలినవి నాలుగే ఆటలు.

డింగ్ నాలుగవ ఎత్తునకే అరగంటకు పైగా ఆలోచించెను. ఆ బంటు మాత్రము 10వ ఎత్తున ఒక గడి, 17వ ఎత్తున మరియొక గడి ముందుకు సాగినది. 22వ ఎత్తున నల్లమంత్రి దానిని తినెను. బంటు పోయినది గాని, పోవుచు ఏనుగులకు బాట తెరచినది. గుర్రమును మూలకు తోలరాదని పెద్దలందురు; 25వ ఎత్తున తెల్లగుర్రము సరిగా మూలగడికే పోయి, అచటినుండి రెండు దుముకులలో శత్రువు గుండెలమీద వాలినది. నాకు ఈ ఆటలో మిక్కిలి నచ్చినది ఆ గుర్రపు నడకయే.

గడియారము తరుముచుండగా డింగ్ 28వ ఎత్తున మంత్రిని వెనుక వరుసకు జరిపెను. గుకేశ్ వెంటనే తన మంత్రితో నల్లగుర్రమును చంపెను. ఆ మంత్రిని బంటుతో తినవచ్చును. తిన్నచో బాటకు అడ్డు తొలగి, రెండు తెల్ల ఏనుగులును వరుసగా లోపలికి వచ్చిపడును. లెక్క తేలునప్పటికి నల్లవారికి ఒక బలము తక్కువ. డింగ్ అచటనే ఓటమి నంగీకరించెను.

మరునాడు డింగ్ తానును ప్రక్కబంటుతోనే ఆరంభించి, గెలిచి, లెక్క సమము చేసెను! 12వ తేదీన చివరి ఆట గెలిచి గుకేశ్ పదునెనిమిదేండ్లకే జగజ్జేత యయ్యెను. ఆ పిమ్మటనే అతని వెనుక నిలిచి ఎత్తుగడలు సిద్ధపరచినవారి పేర్లు వెల్లడియైనవి. వారిలో 1986లో గుంటూరులో పుట్టి, 2001లో గ్రాండుమాస్టరై, 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ విజేతయైన శ్రీ హరికృష్ణ ఒకరు.