బొగ్గుబావిలో కప్పు నిలుచు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి యుపన్యాసము)



బొగ్గుబావి యనగానే చేదబావివంటి గుంటను తలచువారు పెక్కుమంది కలరు. లోపల నున్నది వీథులతోను, కూడళ్లతోను గూడిన యొక పట్టణము. ఆ పట్టణమునకు ఆకాశము లేదు, ఉన్నది కప్పు. ఇంటి కప్పునకు ముందు గోడలు లేచును, పిదప దూలము, వాసములు పడును. గనిలో నిది తలక్రిందులు. కప్పు సృష్ట్యాదినుండి యున్నది. దానిక్రింది యాధారమును మనుష్యుడు తీయుచున్నాడు.

శ్రీమద్రామాయణమున బాలకాండయందు సగరపుత్రులు అరువదివేలమంది యజ్ఞాశ్వమును వెదకుచు భూమిని త్రవ్వుకొని పోయిరి. తూర్పుదిక్కున భూభారమును శిరమున దాల్చిన విరూపాక్షమను దిగ్గజము వారికి కానవచ్చెను. అది యలసి తల కదల్చినపుడు భూమి కంపించునట. అంతటి యుద్ధతులును ఆ యేనుగునకు ప్రదక్షిణము చేసి, పూజించి, దక్షిణమునకు తిరిగి త్రవ్విరే కాని దాని జోలికి పోలేదు. మోయుచున్నదానిని ముట్టరాదను తెలివి వారికుండెను. కపిలమహర్షి యెదుట నా తెలివి యేమయ్యెనో వేరుకథ.

తెలుగునాట 1871లో ఇల్లెందు ప్రాంతమున డాక్టర్ కింగు బొగ్గు జాడ కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వుహక్కులు పొందెను. 1889లో పని సాగెను. 1920లో సింగరేణి కాలరీస్ అను పేర సంస్థ యేర్పడెను. ఇప్పుడు ఉపరితల గనుల వాటా హెచ్చినను, భూగర్భగనులు సాగుచునే యున్నవి. పల్లెలనుండి పోయిన బిడ్డలు వానిలో దిగుచునే యున్నారు.

అచట చిరకాలముగా నడచిన పద్ధతికి బోర్డ్ అండ్ పిల్లర్ అని పేరు. బొగ్గుపొరలో నిలువున కొన్ని, అడ్డమున కొన్ని వీథులు తీయుదురు. నడుమ చదరపు బొగ్గుదిమ్మెలు మిగులును. అవియే స్తంభములు. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలో నొక పట్టిక గలదు. గని యెంత లోతో, వీథి యెంత వెడల్పో దానినిబట్టి స్తంభముల కేంద్రముల నడుమ నుండవలసిన దూరము అందు నిర్ణయింపబడెను. లోతు 60 మీటర్లకు మించనిచోట 3 మీటర్ల వీథికి 12 మీటర్లు చాలును. 360 మీటర్లు దాటినచోట 4.8 మీటర్ల వీథికి 48 మీటర్లు ఉండవలెను.

పొలము కొలిచినట్లు దీనిని కొలిచి చూడవచ్చును. లోతు 200 మీటర్లు, వీథి 4.8 మీటర్లు అనుకొందము. అప్పుడు దూరము 34.5 మీటర్లు. ఒక్కొక్క స్తంభము వంతునకు వచ్చు నేల 1,190 చదరపు మీటర్లు. అందులో స్తంభము 882. అనగా తీసిన బొగ్గు నాలుగవ వంతు, మూడువంతులు లోపలనే. మీదనున్న రాయి ఘనమీటరునకు రెండున్నర టన్నులు తూగుననుకొన్నచో, ఆ యొక్క స్తంభము నెత్తిన నున్న బరువు ఇంచుమించు 6 లక్షల టన్నులు! ఆ మూడువంతులను నష్టముక్రింద వ్రాయువాడు లెక్క తెలియనివాడు. అది ధరావతు సొమ్ము.

ధరావతు గనుక తిరిగి తీయు కాలము వచ్చును. పొలిమేరదాక వీథులు పోయిన పిమ్మట, ఆ కొసనుండి వెనుకకు వచ్చుచు స్తంభములను ముక్కలుముక్కలుగా కోసి తీయుదురు. ఖాళీయైన చోటికి గోఫ్ అని పేరు. అచట కప్పు పడవలెను. వినుటకు వింతగా నుండును గాని, పడకుండుటయే ప్రమాదము. పడక వ్రేలాడు కప్పు తన బరువునంతయు మిగిలిన స్తంభములపై మోపును. ఒక్కసారిగా కూలినచో లోపలి గాలి తుపానువలె వీథులలో బడి మనుష్యులను విసరివేయును. కావున తానై పడనిచోట మందుపెట్టి పడగొట్టుదురు. గోఫ్ అంచున సన్నని బొగ్గుగోడ నొకదానిని విడుతురు. పనివానిపై రాయి దొర్లకుండ నాపునది యదియే. నాలుగు టబ్బుల బొగ్గు కలిసివచ్చునను కక్కుర్తితో దానిని గీకుట యెంతటి పాపమో చెప్పనక్కరలేదు. గోదావరిఖని ప్రాంతపు గనులలో గోఫ్‌ను కూలనీయక, గోదావరి యిసుకను నీటితో గలిపి గొట్టములద్వారా లోపల నింపుటయు నుండెను.

ఇక మనుష్యుడు పెట్టు నాధారములు. పూర్వము కర్ర ముఖ్యము. కప్పుక్రింద దుంగను నిట్రాడువలె నిలిపి, తలపై చెక్కయుంచి, బిళ్లకొట్టి బిగింతురు. బరువెక్కువగు చోట దిమ్మెలను అడ్డముగను నిలువుగను పేర్చి చదరపు దొంతి కట్టుదురు. దానిని కాగ్ అందురు. కర్రకొక గుణము గలదు: విరుగుటకు ముందు చిటచిటలాడును. ఉక్కు బలమైనదే కాని అంత మాటకారి కాదు. పాతకాలపు పనివారు కర్రను విడువ నొల్లకుండుటకు కారణమిదియే.

1990 తరువాత ఉక్కు రూఫ్‌బోల్టులు ప్రబలినవి. కప్పులోనికి రంధ్రము తొలిచి, సిమెంటు గాని జిగురుమందు గాని పెట్టి కడ్డీని బిగించుటచే పొరలుపొరలుగా నున్న రాయి యొక్క పలకయై తన్ను తానే మోసికొనును. ఇది క్రిందినుండి ఎత్తిపట్టుట కాదు, పుస్తకపు ఆకులను దారముతో కుట్టుటవంటిది. 1983లో సింగరేణికి లాంగ్‌వాల్ పద్ధతి వచ్చెను. అందు నూరు మీటర్లకు పైబడిన బొగ్గుగోడను యంత్రము చెక్కుచు పోవును. ద్రవబలముతో పనిచేయు ఇనుప గొడుగులు వరుసగా ముందునకు జరుగును. వాని వెనుక కప్పు కూలును.

ఎన్ని యంత్రములు వచ్చినను, కప్పును కఱ్ఱతో తట్టి వినుట పోలేదు. కుమ్మరివద్ద కుండను తట్టి కొనునట్లే. ఖంగున మ్రోగినచో రాయి గట్టిది. బొదబొదలాడినచో లోన పొర వీడినది. ఒక చేత తట్టుచు రెండవ చేతి వ్రేళ్లను కప్పునకాన్చి యదురును పరీక్షింతురు. మైనింగ్ సర్దారు తన పనివేళలో జిల్లానంతయు నిట్లు చూచి, వదులైన రాతిని గడ్డపారతో దింపించి, దిగనిచోట నాధారము పెట్టించును. చోటు ప్రమాదకరమని తోచినచో మనుష్యులను వెలికిబంపి దారికి అడ్డుకంచె కట్టించును. బొగ్గు తక్కువయ్యెనని పైవారు గద్దించినను, సరిచేయువరకు ఆ కంచెను తీయింపడు.